దాక్కోవడం అబద్ధమా?

2011 వేసవిలో ఒక సాయంత్రం హగరి ఒడ్డున మా చేను గట్టు మీద కూర్చుని ఉండగా మోటారు సైకిలు మీద ఇద్దరు మనుషులు వచ్చారు. ముందు కన్నడంలో పలకరించారు. నా జవాబులోని యాస పట్టుకుని వెంటనే తెలుగులోకి దిగారు. "ఏమన్నా, నీదీ మా సీమ మాటే! మాది అనంతపురం పక్క" అన్నాడు పెద్దవాడు. బళ్ళారి ప్రాంతంలో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. అయినా ఆ మాటలోని సాగదీత అచ్చం మా అమ్మ పుట్టింటివాళ్ళది. మనసు మెత్తబడింది. వానల గురించీ, శెనక్కాయల ధర గురించీ కాసేపు మాట్లాడుకున్నాం. పోబోతూ అడిగాడు: "ఈ పక్కల రెండు తలకాయల పాము కనపడతాంటాదా అన్నా?"

"ఉంటాదే. ఆ గట్టు చివర రాళ్ళ కుప్ప ఉంది చూడు, దాని కింద. ఎవర్నీ ఏమీ అనదు" అన్నాను.

"అవునన్నా, మంచి జీవం" అన్నాడు.

నాలుగోనాడు పోయి చూస్తే ఆ కుప్పలో ఒక్క రాయి కూడా ఉన్నచోట లేదు. కింద మోకాలి లోతు తవ్వి ఉంది.

ఎందుకు తవ్వారో అప్పుడు నాకు తెలియదు, తర్వాత తెలిసింది. ఈ పాము ఇంట్లో ఉంటే లక్ష్మి నడిచి వస్తుందట. గుప్తనిధులు చూపిస్తుందట. దాని మాంసంలో మందు గుణం ఉందట, ఒంట్లో ఏదో అరుదైన లోహం ఉందట. ఇవన్నీ నమ్మేవాళ్ళు లక్షలు పెట్టి కొంటారు. పాము ఎంత బరువైతే అంత ధర కాబట్టి ఇనుప గుండ్లు మింగించి తూకం పెంచేవాళ్ళున్నారని పత్రికల్లో చదివాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడమూ అమ్మడమూ నేరమే అయినా, చేలగట్ల మీద చట్టం కాపలా ఉండదు కదా.

ఇంతకీ నేను చేసిందేమిటి? అడిగినవాడికి నిజం చెప్పాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. అబద్ధం ఆడవద్దని ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఒక పాము పోయినందుకు ఇంత కుములుతావా అని ఇంట్లోవాళ్ళు నవ్వారు. నిజానికి నన్ను కలతపెట్టింది పాము పోవడం ఒక్కటే కాదు. ఆ మనిషి నాతో ఆడిన అబద్ధం ఒక్కటి కూడా లేదు. అనంతపురం పక్క అన్నాడు, నిజమే కావచ్చు. మంచి జీవం అన్నాడు, అదీ నిజమే. నేను చెప్పినదీ నిజమే. ఇన్ని నిజాల నడుమ ఒక ప్రాణి ఇల్లు కూలింది.

కర్ణపర్వంలో కౌశికుడి కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. గాండీవాన్ని నిందించాడని ధర్మరాజు మీదికే కత్తి దూసిన అర్జునుణ్ణి ఆపడానికి కృష్ణుడు చెప్పిన కథ అది. సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన బ్రాహ్మణుడు కౌశికుడు. దొంగలకు భయపడి కొందరు పరుగెత్తుకొచ్చి ఆయన ఉండే అడవిలో దాక్కున్నారు. వెనకనే దొంగలు వచ్చి అడిగితే, ఫలానా పొదల్లో ఉన్నారని ఆయన చెప్పాడు. దొంగలు వాళ్ళను చంపారు. ఆ నిజం చెప్పిన పాపానికి కౌశికుడు నరకానికి పోయాడు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ మాత్రం 1797లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఇలాంటి సందర్భాన్నే తీసుకుని, తలుపు దగ్గర నిలబడి అడిగేవాడు హంతకుడైనా సరే అబద్ధం ఆడకూడదని వాదించాడు. ఆయన కౌశికుడి పక్షం. పుస్తకంలో చదువుతున్నప్పుడు రెండు పక్షాలూ బలంగానే కనిపిస్తాయి. తవ్విన గుంట ముందు నిలబడి ఆలోచిస్తే కాంట్ పక్షాన నిలవడం కష్టం.

అయితే ఆ కథలో ఇన్నాళ్ళూ నేను కౌశికుణ్ణే చూశాను. ఇప్పుడు పొదల్లో ఉన్నవాళ్ళు కనిపిస్తున్నారు. దాక్కోవడమంటే 'ఇక్కడ ఎవరూ లేరు' అని పొదలచేత చెప్పించడమే కదా! మరి అది కూడా ఒక అబద్ధమేనా? అబద్ధమే అయితే దాక్కున్నవాడి పాపం ఎంత? ఈ ప్రశ్న పట్టుకుని ఇసుకలో బతికే పాముల గురించి దొరికినంత చదివాను. 'ఇక్కడ ఎవరూ లేరు' అని ఇసుకచేత చెప్పించడంలో వాటిని మించినవి లేవు.

ఆఫ్రికా నైరుతి తీరాన నమీబ్ ఎడారి ఉంది. అక్కడి దిబ్బల్లో పెరింగ్వే యాడర్ అనే విషసర్పం ఉంటుంది, నిండా ఎదిగినా జానెడు పొడవు. చాలా పాములకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటే దీనికి నడినెత్తిన ఉంటాయి. ఒళ్ళంతా ఇసుకలోకి దింపుకుని ఆ రెండు కళ్ళు మాత్రం పైకి పెట్టి పడుకుంటుంది. చూసేవాడికి అవి రెండు ఇసుక రేణువులు. కొన్నిసార్లు తోక కొసను కూడా పైకి పెట్టి పురుగులా మెల్లగా కదిలిస్తుంది. బల్లి ఒకటి ఆ పురుగు కోసం వస్తుంది. ఆ తర్వాత సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఎడారిలో వాన పడటం అరుదు. సముద్రం మీది నుంచి పొగమంచు వస్తుంది. పొగమంచు కమ్మిన వేళ ఈ పాము శరీరాన్ని పలచగా పరుచుకుని, తన పొలుసుల మీద పేరుకున్న నీటి బొట్లను తానే నాకి తాగుతుంది. తన ఒంటినే గిన్నెగా చేసుకున్న ఈ బతుకు గురించి చదివాక దాని మీద కోపం తెచ్చుకోవడం నావల్ల కాలేదు.

సహారాలోనూ అరేబియాలోనూ ఉండే కొమ్ముల పాము పద్ధతి వేరు. దాని పక్కల పొలుసులు ఏటవాలుగా, రంపపు పళ్ళలా గరుకుగా ఉంటాయి. ఉన్నచోటనే ఒంటిని అటూ ఇటూ ఆడిస్తే ఆ పొలుసులు పారల్లా ఇసుకను పక్కలకు తోసి వీపు మీదికి ఎత్తిపోస్తాయి. తల ముందు దూరకుండానే శరీరమంతా కిందికి దిగిపోతుంది. బెదిరించాలనుకుంటే అవే పొలుసులను ఒకదానితో ఒకటి రాసి బుసలాంటి చప్పుడు చేస్తుంది. అంటే దాక్కోవడానికీ, 'నేనిక్కడున్నాను జాగ్రత్త' అని చెప్పడానికీ దానికి ఒకటే పనిముట్టు.

ఇవి దాక్కునేది వేటకొక్కదానికే అనుకుంటే పొరపాటు. పగటివేళ ఎడారి ఇసుక పైపొర వేడి 60 డిగ్రీలు దాటిపోతుంది. కాళ్ళు లేని ప్రాణి పొట్ట మొత్తం నేలకు ఆనించి బతకాలి. చెట్టు నీడ లేదు, బండ సందు లేదు. పైపొర అలా మండుతున్నప్పుడు కూడా మూరెడు లోతున ఇసుక చాలా చల్లగా ఉంటుంది. పగటికీ రాత్రికీ అక్కడ పెద్ద తేడా ఉండదు. కాబట్టి కిందికి పోవడం దానికి ఇంట్లోకి పోవడం లాంటిది. మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకున్నవాణ్ణి దొంగ అంటామా?

ఇసుకలో కదలడం అంత తేలిక కాదు. నీళ్ళు పక్కకు తప్పుకుంటాయి, మట్టి బొరియగా నిలుస్తుంది; పొడి ఇసుక రెండూ చెయ్యదు, తోసిన చోటికే మళ్ళీ వచ్చి కూలుతుంది. అమెరికా నైరుతి ఎడారుల్లో పారముక్కు పాము ఒకటి ఉంది. అది ఇసుక లోపల ఎలా ఈదుతుందో జార్జియా టెక్ శాస్త్రజ్ఞులు ఎక్స్‌రేలతో చూసి 2015లో రాశారు. తల ఏ వంపులు తిరుగుతూ పోయిందో ఒళ్ళంతా సరిగ్గా ఆ వంపుల్లోనే పోతుంది, రైలుపెట్టెలు ఇంజను వెంట పోయినట్టు. కొత్త ఇసుకను కదిలించే శ్రమ తలకు మాత్రమే. పొలుసులు బాగా నున్నగా ఉండటం వల్ల రాపిడి తక్కువ. పై దవడ కింది దవడను మూతలా కప్పుకుని ఉంటుంది కాబట్టి నోట్లోకి ఇసుక పోదు.

మా రాళ్ళ కుప్ప కింది పాముకు కూడా ఈ లక్షణాల్లో చాలా ఉన్నాయి. గడ్డపార మొనలా చదునైన మూతి, చిన్న కళ్ళు, నున్నటి సన్న పొలుసులు, లోపలికి అమరిన కింది దవడ. థార్ ఎడారి నుంచి మన దక్కను మెట్టచేల దాకా దీని నివాసమే. హగరి ఎండిపోయిన రోజుల్లో నైరుతి గాలి ఏటి ఇసుకను లేపి ఒడ్డు చేల మీద పోస్తుంది. సరిహద్దుకు అవతల కణేకల్లు పక్క ఆ ఇసుక దిబ్బలు చూసినవాళ్ళకు ఈ ప్రాంతంలో ఇసుక పాము ఉండటం ఆశ్చర్యం అనిపించదు. దీనికి విషం లేదు. ఎలుకలను పట్టి చుట్టుకుని చంపి తింటుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. చిత్రమేమిటంటే, ఇదే కుటుంబంలో అరేబియా ఇసుకలో ఉండే చిన్న పాము గుడ్లు పెడుతుంది. పూర్వీకులు వదిలేసిన అలవాటు దానికి మళ్ళీ ఎలా వచ్చిందని 2010 నాటికి కూడా శాస్త్రజ్ఞులు తర్కించుకున్నారు. దాని పేరులో ఉన్నది మనదేశపు మనిషే. మస్కట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా వైద్యుడిగా ఉండి, ఆ ఊరి అరబ్బీ నేర్చి, అక్కడి సామెతలూ ప్రాణులూ పోగుచేసిన ఆత్మారామ్ జయకర్ పేరు మీద దాన్ని ఎరిక్స్ జయకరీ అన్నారు.

మన పామును శాస్త్రలోకానికి పరిచయం చేసింది విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను పరిశీలించిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్. 1796లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన పాములకు ఇక్కడివాళ్ళు చెప్పిన పేర్లే రాసుకున్నాడు; రక్తపింజర అందులో కాటుక రేకుల పొడ. మన పాముకు 1801లో తరంగంబాడిలోని జర్మన్ మిషనరీ జాన్ పేరు పెట్టాడు. జనం మాత్రం ఎవరి పేరు వాళ్ళు పెట్టుకున్నారు. మరాఠీలో మాండూళ అంటారు. కన్నడంలో ఎరడు తలె హావు అనే మాట ఉన్నా మణ్ణుముక్క అనే మాట కూడా ఉంది. హోసూరు మిత్రుడొకాయన తమ వైపు తమిళులు మణ్ణుళి పాంబు అంటారని చెప్పాడు. ఆ రెండూ మన్నును పట్టి వచ్చిన పేర్లు, ప్రాణి ఎక్కడ బతుకుతుందో చెబుతాయి. మన తెలుగు పేరు మనం ఏమని పొరబడ్డామో చెబుతుంది. ఈ ఒక్క విషయంలో పక్కింటి భాషకే నా ఓటు.

రెండో తల కథ ఏమిటంటే, దీని తోక తలలాగే మొద్దుగా ఉంటుంది. ఆపద వస్తే తలను చుట్టల కిందికి దోపుకుని, తోకను పైకెత్తి తలలా ఆడిస్తుంది. దాడిచేసేవాడు దాన్ని కరుస్తాడు, పొడుస్తాడు. అందుకే ఈ పాముల తోకల మీద గాయాల మచ్చలు కనిపిస్తుంటాయి. ఆరునెలలు ఒక తల, ఆరునెలలు ఇంకో తల నడుస్తుందని మన పెద్దలు అనేవాళ్ళు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి పాములాడించేవాళ్ళు తోకను కోసి, కళ్ళూ నోరూ ఉన్నట్టు గాట్లు పెట్టేవాళ్ళు. పాము ఆడిన చిన్న అబద్ధం చాలక మనిషి దాని ఒంటి మీదే పెద్ద అబద్ధం రాశాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మోసం జరగాలంటే ముందు ఒక నమ్మకం ఉండాలనీ, ఇసుకకూ బల్లికీ మధ్య అలాంటి ఒప్పందమేదీ లేదనీ, ప్రకృతిలో నీతి వెతకడం తెలివితక్కువనీ ఎవరైనా అనవచ్చు. అది ఒప్పుకోవలసిన మాటే. పాము ఆలోచించి అబద్ధమాడటం లేదు. కానీ దాన్ని చూసి ఆలోచించేది నేను. నాకు ఈ దాపరికాలన్నీ ఒక్క రకంగా కనిపించడం లేదు. ఎండకు దిగిపోయిన పాము ఎవరినీ దేనికీ పిలవలేదు. తోకను పురుగులా ఆడించిన పాము పిలిచింది. ఆ బల్లి ఆకలిని పట్టుకుని బల్లినే లాగింది. అది నోరు లేని అబద్ధమే, దాని ధర చెల్లించింది బల్లి. మన పాము కూడా తోక ఆడిస్తుంది, అదీ అబద్ధమే. ధర మాత్రం తన తోకే చెల్లిస్తుంది. తన ఒంటి మీది మచ్చలతో కట్టిన సుంకం అది.

ఈ తేడా ఎంత పెద్దదో లక్క ఇల్లు గుర్తుకు వచ్చినప్పుడు తెలిసింది. వారణావతానికి బయల్దేరిన ధర్మరాజుకు విదురుడు పక్కవాళ్ళకు అర్థం కాని భాషలో హెచ్చరిక చెప్పాడు. ముళ్ళపందిలా బొరియ చేసుకున్నవాడు నిప్పునుంచి బయటపడతాడన్నది అందులో ఒక మాట. అలాగే సొరంగం తవ్వించుకుని పాండవులు బయటపడ్డారు. చిన్నప్పుడు ఆ కథ వింటూ చప్పట్లు కొట్టినవాళ్ళమే. ఆ రాత్రి ఇంట్లో ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు తిని తాగి నిద్రపోతున్నారు. తెల్లవారి బూడిదలో దొరికిన ఆరు శవాలను చూసి లోకం కుంతీ పాండవులే పోయారనుకుంది. బొరియలోకి దిగిపోవడంలో నాకు తప్పు కనిపించదు. కానీ పైన తలలా ఆడించడానికి వాళ్ళు వదిలిన తోక వాళ్ళది కాదు. ఆ తల్లి పేరు కూడా మనకు తెలియదు. ధర్మం గురించి అంత చెప్పిన గ్రంథం ఆ ఆరుగురి దగ్గర ఎక్కువసేపు ఆగదు.

కౌశికుడి పొరపాటు కూడా ఇక్కడే ఉందని నాకిప్పుడు అనిపిస్తుంది. సత్యవ్రతం ఆయనది, దాని ధర కట్టింది పొదల్లో ఉన్నవాళ్ళు. చేను గట్టు మీద నేను చేసినదీ అదే. నిజాయితీపరుడినన్న పేరు నా దగ్గరే భద్రంగా ఉంది, సొంత యాసలో రెండు మాటలు మాట్లాడుకున్న సంతోషమూ నాకే దక్కింది. రాళ్ళ కుప్ప పోయింది దానికి. నాకు తెలియదు కదా, తెలిసి చెప్పలేదు కదా అని సర్దిచెప్పుకోవచ్చు. పరాయి మాటలో అడిగి ఉంటే 'ఎందుకు?' అని ఒక్క ప్రశ్న వేసేవాణ్ణి. ఆ ప్రశ్న నా నోటికి రాకపోవడానికి కారణం మా అమ్మ పుట్టింటి యాస. పరాయి మాటల మధ్య ఉండేవాళ్ళం మన మాట వినిపిస్తే తలుపు తీసేస్తాం. అది మన మంచితనమని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

అలాగని అడిగిన ప్రతివాడికీ అబద్ధం చెప్పమని కూడా నేను అనలేను. అబద్ధం అలవాటైనవాడు తన తోకనే పెట్టి ఎంతకాలమో ఆడడు. త్వరలోనే ఇంకొకరిది అరువు తెస్తాడు. ఇది మనుషుల్లో చూసిన సంగతి. ఇంకో ఇసుక పాము ఉంది, గరుకు పొలుసులది. దానికీ విషం లేదు, కానీ ఒంటి మీది మచ్చలు చూసి రక్తపింజర అనుకుని చంపేస్తారు. అది ఏ అబద్ధమూ ఆడలేదు, పుట్టుకతో వచ్చిన చీర కట్టుకుంది, అంతే. దాని విషయంలో అబద్ధం చూసేవాడి కంట్లో ఉంది. ఇలాంటివి తల్చుకుంటే నా లెక్క అంత సరిగ్గా కుదరదని తెలుస్తూనే ఉంది.

మొన్న ఆషాఢంలో మనవణ్ణి తీసుకుని చేనుకు పోయాను. వాడు కన్నడం బడిలో చదువుతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. ఏటి పక్కన గాలి పోసిన కొత్త ఇసుక మీద ఒక గాడి కనిపించింది. వేలెడు వెడల్పున పోయి పోయి జిల్లేడు పొద దగ్గర ఆగిపోయింది. "తాతా, మణ్ణుముక్క!" అన్నాడు వాడు. నేను చెప్పుతో ఆ గాడిని చెరిపాను. గాలి ఎలాగూ సాయంత్రానికి చెరిపేసేదే.

"ఎందుకు తాతా చెరుపుతున్నావు?"

"ఎవరన్నా వచ్చి ఇక్కడ పాముందా అని అడిగితే ఏం చెప్తావురా?" అన్నాను.

"చూడలేదంటాను" అన్నాడు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

అబద్ధం ఆడకూడదని వాడికి నేర్పింది నేనే. తప్పురా అనలేదు, సరేననీ అనలేదు. ఎండ ఎక్కుతోందని ఇద్దరం ఇంటిదారి పట్టాం.